గుర్తులన్నీ కలిశాయి, బండి స్టార్ట్ కాలేదు: పాత డీజిల్ కారు ప్రాజెక్టు డైరీ

1వ రోజు

బండిని తాడు కట్టి లాక్కొచ్చి షెడ్డులో పెట్టాం. నాలుగు సిలిండర్లు, 1.9 లీటర్ల డీజిల్, టర్బో లేదు. ఇండైరెక్ట్ ఇంజెక్షన్, అంటే డీజిల్ నేరుగా పిస్టన్ మీద పడదు, సిలిండర్ల పైమూత అయిన హెడ్‌లో ఉన్న చిన్న గదిలో పడి అక్కడ అంటుకుంటుంది. కంప్యూటర్ లేదు. బెల్టుతో తిరిగే బాష్ వీఈ రకం రోటరీ డీజిల్ పంపు, డీజిల్ చిమ్మే నాలుగు నాజిళ్లు, స్టార్టింగ్ ముందు వేడి పుట్టించే నాలుగు హీటర్ ప్లగ్గులు. ఇలాంటి ఇంజన్లంటే నాకు ఇష్టం. జబ్బు ఏదైనా సరే చేత్తో పట్టుకుని కొలిచి చూడొచ్చు.

అమ్మినాయన చెప్పింది కొంచెమే. "బెల్టు కొత్తదేనండీ. పాతది మార్పించాక రెండు మూడు సార్లు పొగ కక్కుకుంటూ స్టార్ట్ అయింది. తర్వాత ఇక కాలేదు. మూడేళ్ల నుంచి కదల్లేదు."

బెల్టు మార్చాకే చెడింది అనగానే టైమింగ్ మీదికి, అంటే పిస్టన్లు, వాల్వులు, పంపు ఒకదానితో ఒకటి లయ తప్పాయా అన్నదాని మీదికి మనసు పోతుంది. కానీ మూడేళ్లు నిలబడ్డ బండిలో దాని పైన ఇంకో నాలుగు జబ్బులు చేరి ఉంటాయి. పాత డీజిల్, గాలి లాగే పైపులు, పోయిన ప్లగ్గులు. ఇవి తేల్చకుండా బెల్టు విప్పితే, అసలు తప్పు ఎక్కడుందో చెప్పే సాక్ష్యం నా చేతుల్తోనే చెరిపేసినట్టు అవుతుంది. అందుకే ఒక నిర్ణయం తీసుకున్నాను. ఏది ఎక్కడ నిలబడి ఉందో కొలిచి రాసుకునే దాకా బెల్టు జోలికి వెళ్లను.

సెల్ఫ్ కూడా కొట్టలేదు. ఈ ఇంజన్లో బెల్టు బాగా తప్పితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. చేత్తో తిప్పితే తగిలినచోట ఆగుతుంది, సెల్ఫ్ అయితే వంచేసి ముందుకు పోతుంది. హీటర్ ప్లగ్గులు నాలుగూ తీసేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, క్రాంక్ (పిస్టన్లకు కలిపి ఉండే ప్రధాన షాఫ్ట్) బోల్టుకి పొడవాటి పానా పెట్టి బెల్టు వైపు నుంచి చూస్తే గడియారం తిరిగే దిక్కుకే తిప్పాను. క్యామ్ (వాల్వులను తెరిచే షాఫ్ట్) బోల్టు పట్టుకుని తిప్పితే బెల్టు మీద తప్పుడు వైపు లాగుడు పడుతుంది, అది చేయకూడదు. రెండు పూర్తి చుట్లు. బరువుగా ఉంది కానీ ఎక్కడా టక్కున ఆగలేదు. ఈ రోజుకి ఇది చాలు.

2వ రోజు

డీజిల్ లైను. ట్యాంకులోది తీసి గాజు సీసాలో పోస్తే టీ డికాషన్ రంగులో ఉంది, అడుగున నీళ్లు వేరుగా నిలిచాయి. మొత్తం తోడేశాం. కొత్త ఫిల్టర్‌ని తాజా డీజిల్‌తో నింపి బిగించాను. రిటర్న్ వైపు చిన్న రబ్బరు పైపులు వేలితో వంచగానే పగిలాయి, అవి మార్చాను. పంపుకి వెళ్లే పైపులో ఒక జానెడు ముక్క తీసి పారదర్శకమైన ప్లాస్టిక్ పైపు పెట్టాను, బుడగలు కనిపించడానికి.

పంపు మీద లోపలికి వచ్చే బోల్టు, బయటికి పోయే బోల్టు చూడటానికి ఒకేలా ఉంటాయి. బయటికి పోయేదాని తలమీద అవుట్ అని రాసి ఉంటుంది, లోపల సన్నటి రంధ్రం ఉంటుంది. పంపు లోపలి ప్రెషర్ నిలబడేది ఆ రంధ్రం వల్లే. రెండూ తారుమారైతే టైమింగ్ ఎంత సరిగ్గా ఉన్నా ఇంజన్ సరిగ్గా నడవదు. ఇక్కడ సరిగ్గానే ఉన్నాయి, అయినా విప్పి చూసి రాసుకున్నాను.

పంపు మీది స్టాప్ సోలనాయిడ్‌కి బ్యాటరీ నుంచి వైరు తగిలిస్తే టిక్కుమంది. కరెంటు అందితే డీజిల్ దారి తెరుస్తుంది, తీసేస్తే మూసేస్తుంది. పనిచేస్తోంది.

3వ రోజు

బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు, సెల్ఫ్ కొడుతుంటే 10.3. బాగుంది. హీటర్ ప్లగ్గులు మల్టీమీటర్‌తో చూస్తే మూడు ఒక ఓమ్ లోపే చూపించాయి, ఒకటి అసలు కరెంటే పోనివ్వడం లేదు. నాలుగూ మార్చేశాను.

నాజిళ్ల దగ్గర పైపు నట్లు వదులు చేసి సెల్ఫ్ కొడితే కాసేపటికి నాలుగింటి దగ్గరా డీజిల్ చిమ్మింది. ఈ పని చేసేటప్పుడు చెయ్యి దూరంగా ఉండాలి. ఈ నాజిళ్లు తెరుచుకునే ప్రెషరే 130 బార్ చుట్టూ ఉంటుంది, ఆ ధార చర్మం లోపలికి దూరిపోగలదు. గాయం చిన్నగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి పోవాల్సిన ప్రమాదం అది.

నట్లు బిగించి, ప్లగ్గులు వేడి చేసి మళ్లీ సెల్ఫ్. ఇంజన్ అందుకోలేదు. సైలెన్సర్లోంచి తెల్లటి పొగ మాత్రం దట్టంగా వచ్చింది, కళ్లు మండేంత పచ్చి డీజిల్ వాసన.

ఈ పొగ చూసి నాకు సంతోషం వేసింది. డీజిల్ సిలిండర్లలోకి వెళ్తోంది, చుక్కలుగా విడిపోతోంది, ఆవిరి కూడా అవుతోంది. అంటుకోవడం లేదు, అంతే. రుడాల్ఫ్ డీజిల్ 1897లో నడిపి చూపించిన ఇంజన్ నుంచి ఈ బండి దాకా మూల సూత్రం ఒకటే. స్పార్క్ ఉండదు. గాలిని నొక్కితే పుట్టే వేడితోనే ఇంధనం అంటుకోవాలి. ఆ వేడి పిస్టన్ పైకి చేరిన కొద్ది క్షణాలే ఉంటుంది. తెల్ల పొగ అంటే వేడి చాలడం లేదు, లేదంటే వేడి ఉన్నప్పుడు డీజిల్ రావడం లేదు.

5వ రోజు

వేడి చాలడం లేదా అన్నది కంప్రెషన్ గేజ్ చెప్పాలి. పెట్రోల్ బండ్ల గేజ్ దీనికి పనికిరాదు, డీజిల్ కొట్టే దెబ్బకి ముల్లు విరుగుతుంది. 70 బార్ దాకా చూపే గేజ్, హీటర్ ప్లగ్ రంధ్రంలో బిగించే అడాప్టర్ అడిగి తెచ్చుకున్నాను. స్టాప్ సోలనాయిడ్ వైరు తీసేసి, ఒక్కో సిలిండర్‌కీ ముల్లు ఇక పెరగనంత వరకు సెల్ఫ్.

25, 24.5, 25, 24 బార్.

ఈ ఇంజన్ మాన్యువల్ ప్రకారం కొత్తగా ఉన్నప్పుడు 34, కనీసం 28 ఉండాలి. కాబట్టి తక్కువే. మొదట పిస్టన్ రింగులు పట్టేసుకున్నాయేమో అనుకున్నాను. పెట్రోల్ ఇంజన్లో అయితే కాస్త ఆయిల్ పోసి మళ్లీ చూసేవాణ్ణి. డీజిల్‌లో ఆ పరీక్షని నేను నమ్మను. ఒక్కో సిలిండర్ 475 సీసీ, కంప్రెషన్ నిష్పత్తి 22. అంటే పిస్టన్ పైకి వచ్చాక మిగిలే చోటు 23 సీసీ కూడా లేదు. అందులో రెండు చెంచాల ఆయిల్ పోస్తే రింగులు ఎలా ఉన్నా ముల్లు పెరుగుతుంది. ఎక్కువ పోస్తే పిస్టన్‌కి పైకి రావడానికే చోటుండదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

రాత్రి అంకెలు మళ్లీ చూసుకున్నాను. తక్కువ ఉండటం సంగతి అలా ఉంచితే, నాలుగూ ఒకేలా తక్కువ ఉన్నాయి. రింగులు అరిగితే ఒకటి 28, ఒకటి 20 అన్నట్టు చెదిరిపోతాయి. హెడ్ గ్యాస్కెట్ పోతే పక్కపక్కనున్న రెండు పడిపోతాయి. వాల్వు వంగితే ఆ సిలిండర్‌లో దాదాపు ఏమీ ఉండదు. నాలుగింటికీ ఒక్క బార్ తేడాతో ఒకే నష్టం కలిగించేది ఏదైనా ఉంటే అది నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నదే అయ్యుండాలి. అది క్యామ్ షాఫ్ట్.

లెక్క ఇలా కుదురుతుంది. గాలి లోపలికి వచ్చే వాల్వు, పిస్టన్ అడుగుకి చేరిన తర్వాత మరికొంత క్రాంక్ తిరిగాక మూసుకుంటుంది. క్యామ్ ఆలస్యంగా ఉంటే అది ఇంకా ఆలస్యంగా మూసుకుంటుంది. ఈలోగా పైకి వస్తున్న పిస్టన్ లోపలున్న గాలిలో కొంత వెనక్కి నెట్టేస్తుంది. మిగిలిన గాలినే నొక్కుతుంది. నాలుగు సిలిండర్లలోనూ ఒకేలా.

6వ రోజు

పైన బెల్టు కవరు, వాల్వు కవరు తీశాం. బెల్టు నిజంగానే కొత్తగా ఉంది. ఎవరో స్ప్రాకెట్ల (బెల్టు తిరిగే పళ్ల చక్రాల) మీదా బెల్టు మీదా తెల్ల పెయింట్‌తో జాగ్రత్తగా గుర్తులు పెట్టుకున్నారు. బరబరా లాగేసిన పని కాదు.

క్రాంక్ పుల్లీ మీదున్న టీడీసీ గీతను, అంటే ఒకటో పిస్టన్ పూర్తిగా పైకి చేరిందని చెప్పే గీతను, కవరు మీది సూచికి ఎదురుగా తెచ్చాను. ఒకటో సిలిండర్ క్యామ్ ముక్కులు రెండూ పైకి ఉన్నాయి, అంటే వాల్వులు మూసి ఉన్నాయి, సరైన చుట్టులోనే ఉన్నాం. క్యామ్ షాఫ్ట్ వెనక చివర అడ్డంగా ఒక గాడి ఉంటుంది. అందులో ఉక్కు పట్టీ దూరిస్తే హెడ్ మీద రెండు పక్కలా సమంగా ఆనాలి. ఆనింది. సందు కొలిచే ఫీలర్ గేజ్‌తో రెండు పక్కలా చూశాను, తేడా లేదు. పంపు స్ప్రాకెట్ రంధ్రంలోంచి పిన్ను నెట్టాను. మెత్తగా వెళ్లి కూర్చుంది.

క్రాంక్, క్యామ్, పంపు మూడూ కలిశాయి. టైమింగ్ పక్కాగా ఉంది.

మరి ఆ గేజ్ చెప్పిందేమిటి?

7వ రోజు

షెడ్డుకి వెళ్లలేదు. కాగితం మీద రెండు వాక్యాలు రాసుకుని చూస్తూ కూర్చున్నాను. ఒకటి, కంప్రెషన్ చూస్తే క్యామ్ ఆలస్యంగా ఉండాలి. రెండు, గుర్తులు చూస్తే క్యామ్ సరిగ్గా ఉంది. రెండూ నిజం కావడానికి వీల్లేదు.

గేజ్ కొలిచింది పిస్టన్ చేసిన పనిని. గుర్తులు మాత్రం పిస్టన్‌కి దూరంగా, ఏదో ఒక భాగం మీద గీసిన గీతలు. ఆ భాగానికీ పిస్టన్‌కీ మధ్య ఏముందో చూడాలి. క్యామ్ గాడి క్యామ్ షాఫ్ట్ లోహంలోనే కోసింది, అది పక్కకి కదలదు. పంపు స్ప్రాకెట్ 'కీ' (జారకుండా ఆపే చిన్న లోహపు ముక్క) మీద కూర్చుంటుంది, అదీ జారదు. మిగిలింది క్రాంక్ పుల్లీ గీత. ఆ పుల్లీ ఒకే ముక్క కాదు. మధ్యలో హబ్బు, బయట ఇనుప రింగు, రెంటినీ అతికిస్తూ మధ్యలో రబ్బరు పొర. ఇంజన్ వణుకుని మింగడానికి అలా చేస్తారు. గీత ఉన్నది బయటి రింగు మీద.

8వ రోజు

తమ్ముణ్ణి పిలిచాను, ఈ పనికి ఇద్దరు కావాలి. గేర్ బాక్స్ పైభాగంలో ఇంజన్ కలిసేచోట వేలు పట్టేంత కిటికీ ఉంటుంది, రబ్బరు మూత వేసి. దాని కింద ఫ్లైవీల్, క్రాంక్ చివర బిగించిన బరువైన చక్రం. ఫ్లైవీల్ బోల్టుల రంధ్రాలు సమదూరంలో ఉండవు కాబట్టి దాన్ని క్రాంక్ మీద ఒకే ఒక్క రకంగా బిగించగలం. ఉక్కుకి ఉక్కు, మధ్యలో రబ్బరు లేదు. పిస్టన్ ఎక్కడుందో ఈ ఇంజన్లో బయటికి చెప్పగలిగే నమ్మకమైన గుర్తు దాని మీదిదే. ఇండైరెక్ట్ ఇంజెక్షన్ కాబట్టి ప్లగ్ రంధ్రంలోంచి పుల్ల పెట్టి పిస్టన్ని తాకి చూసే వీలు కూడా లేదు, మధ్యలో ఆ చిన్న గది అడ్డం.

మూత తీస్తే లోపల ఆయిలూ దుమ్మూ కలిసి నల్లటి ముద్ద. ఇంతకుముందు పనిచేసినవాళ్లు ఈ కిటికీ తెరవలేదని ఆ ముద్దే చెప్పింది. సన్నటి బ్రష్షుతో, గుడ్డతో శుభ్రం చేయడానికే అరగంట పట్టింది. తర్వాత టార్చి పెట్టి నేను కిటికీ మీద వంగాను, తమ్ముడు కింద పానా పట్టుకున్నాడు.

"తిప్పు... మెల్లగా."

"ఆగమంటే చెప్పన్నా, ఇక్కణ్ణుంచి నాకేం కనపడదు."

ఫ్లైవీల్ చుట్టూ ఉన్న రింగ్ గేరు పళ్లు ఒక్కొక్కటే కిటికీ దాటిపోతున్నాయి. నూనె తుడిచినచోట వెండిలా మెరుస్తున్నాయి. చాలాసేపటికి చిన్న సమ్మెట దెబ్బ లాంటి గుంట, దాని పక్కన సన్నటి గీత వచ్చాయి. కిటికీలోని సూదికి ఎదురుగా రాగానే ఆపించాను. సుద్దతో రుద్దితే గీత ఇంకా తేటగా కనిపించింది. ఇది నిజమైన టీడీసీ.

"పుల్లీ గీత ఎక్కడుందిరా?"

వాడు కింద టార్చి వేసి చూశాడు. "ఇంకా రాలేదన్నా. వెనకాలే ఉంది."

అక్కణ్ణుంచి పుల్లీ గీత సూచికి చేరేదాకా తిప్పమని, ఫ్లైవీల్ దగ్గర ఎన్ని పళ్లు దాటుతున్నాయో నేను లెక్కపెట్టాను. ఆరు దాటాయి, ఏడోది సగంలో ఉండగా "కలిసింది" అన్నాడు. నమ్మకం కుదరక మూడుసార్లు చేశాం. ప్రతిసారీ కాస్త వెనక్కి పోయి, గడియారం దిక్కులోనే వస్తూ.  మూడుసార్లూ ఆరున్నరే.

రింగ్ గేరుకి మొత్తం 130 పళ్లు. 360ని 130తో భాగించి ఆరున్నరతో గుణిస్తే 18 డిగ్రీలు. క్రాంక్ మీది టైమింగ్ స్ప్రాకెట్‌కి 20 పళ్లు, అంటే ఒక్కో పన్నుకీ 18 డిగ్రీలు. సరిగ్గా ఒక పన్ను.

పుల్లీ మీద వంగి చూస్తే అప్పుడు కనిపించింది. రబ్బరు చుట్టూ జుట్టంత సన్నటి పగుళ్లు, ఒకచోట రబ్బరు ఉబ్బి బయటికి వచ్చింది. ఆల్టర్నేటర్ బెల్టు ఆ రింగుని ఎప్పుడూ తిరిగే దిక్కుకి వ్యతిరేకంగా వెనక్కి లాగుతూనే ఉంటుంది. అతుకు వదిలిన రోజున రింగు వెనక్కి జారింది, దానితోపాటు గీత కూడా. బెల్టు మార్చినవాళ్లు ఆ గీతను నమ్మి క్రాంక్‌ని 18 డిగ్రీలు ముందుకి పెట్టి, క్యామ్‌నీ పంపునీ మాత్రం వాటి వాటి సరైన స్థానాల్లో పెట్టి బెల్టు వేశారు. ఆ రెండూ ఒకదానితో ఒకటి సరిగ్గా ఉన్నాయి. పిస్టన్లతోనే లేవు.

తమ్ముడు అడిగాడు, "అంటే వాళ్లు పని చెడగొట్టలేదా?" చెడగొట్టలేదు. గీత అబద్ధం చెప్పింది.

9వ రోజు

ఇంత కుదిరినా బెల్టు విప్పే ముందు ఇంకో సాక్ష్యం కావాలనిపించింది. పంపు కూడా 18 డిగ్రీలు ఆలస్యంగా ఉంటే అది పంపులోనే కొలవొచ్చు.

వీఈ పంపు తల మీద నాలుగు పైపుల మధ్యలో ఒక చిన్న బోల్టు ఉంటుంది. అది తీసి, అడాప్టర్ పెట్టి, డయల్ గేజ్ మొనని లోపలి ప్లంజర్‌కి, అంటే డీజిల్‌ని నెట్టే కడ్డీకి ఆనించాలి. రెండున్నర మిల్లీమీటర్లు లోపలికి నొక్కి బిగించాను. తర్వాత క్రాంక్‌ని వెనక్కి తిప్పుకుంటూ పోతే ముల్లు దిగుతూ దిగుతూ ఒకచోట కదలకుండా నిలిచింది. ప్లంజర్ అట్టడుగున ఉన్న చోటు అది, అక్కడ సున్నా పెట్టాను. అక్కణ్ణుంచి మెల్లగా ముందుకి తిప్పి, ఫ్లైవీల్ గీత సూదికి ఎదురుగా రాగానే చూశాను.

మాన్యువల్ చెప్పేది 0.90 మిల్లీమీటర్లు. గేజ్ చూపించింది 0.08.

పిస్టన్ పైకి చేరే సమయానికి ప్లంజర్ దాదాపు ఒక మిల్లీమీటర్ లేచి డీజిల్ నెడుతూ ఉండాలి. ఇక్కడ అది ఇంకా కదలడం మొదలుపెడుతోంది. నాజిల్ తెరుచుకునే సరికి పిస్టన్ దిగిపోతూ ఉంటుంది, నొక్కిన గాలి వ్యాకోచించి చల్లబడుతూ ఉంటుంది. కంప్రెషన్ ఎటూ తక్కువే, పైగా డీజిల్ ఆలస్యం. ఒక్క కంప్రెషనే 25 ఉంటే ప్లగ్గులు వేడి చేసి ఎలాగో స్టార్ట్ చేయగలిగేవాళ్లం. రెండూ కలిసేసరికి తెల్ల పొగ తప్ప ఏమీ రాలేదు. మొదట్లో రెండు మూడు సార్లు స్టార్ట్ అయిందంటే ప్లగ్గులు నాలుగూ పనిచేస్తున్న రోజుల్లో అయ్యుంటుంది.

ఇప్పుడు మూడు వేర్వేరు కొలతలు ఒకే మాట చెప్తున్నాయి. ఇక విప్పొచ్చు.

13వ రోజు

కొత్త పుల్లీ, బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ వచ్చాయి. ఉన్న బెల్టు బాగానే ఉంది కానీ మూడేళ్లు ఒకేచోట వంగి నిలబడింది, పైగా అది తెగితే పోయేది హెడ్. మార్చడమే.

పని మొదలుపెట్టే ముందు తమ్ముడికి వచ్చిన అనుమానం సరైనదే: బెల్టు తీశాక క్రాంక్‌ని 18 డిగ్రీలు వెనక్కి తిప్పాలి కదా, వాల్వులకి తగలదా? క్యామ్ పట్టీతో లాక్ అయి ఉంది. ఒకటో సిలిండర్ వాల్వులు మూసి ఉన్నాయి. నాలుగో సిలిండర్లో రెండు వాల్వులూ కాస్త తెరిచి ఉంటాయి, దాని పిస్టన్ కూడా పైకి వస్తుంది. కానీ మనం పోతున్నది ఈ ఇంజన్ రోజూ నడిచేటప్పుడు ఉండాల్సిన స్థానానికే, అక్కడ ఖాళీ ఉండేలాగే దీన్ని తయారు చేశారు. ఒక పన్ను తప్పిన స్థానంలో తిరగడమే అసలు ప్రమాదం, అది ఇన్నాళ్లూ తట్టుకుంది. అయినా రెండు వేళ్ల బలంతోనే తిప్పాను.

క్యామ్ స్ప్రాకెట్ బోల్టు వదులు చేసేటప్పుడు స్ప్రాకెట్‌ని వేరే పనిముట్టుతో పట్టుకోవాలి. వెనకున్న ఉక్కు పట్టీ మీద ఆ బలమంతా పడితే క్యామ్ షాఫ్ట్ గాడి చివర పగులుతుంది. ఈ స్ప్రాకెట్‌కి కీ లేదు, కోసుగా ఉన్న షాఫ్ట్ మీద బిగుతుగా కూర్చుంటుంది. బోల్టు అర చుట్టు వదిలి, వెనక నుంచి ఇత్తడి కడ్డీ పెట్టి ఒక్క దెబ్బ వేస్తే వదిలింది.

ఫ్లైవీల్ గీత సూదికి ఎదురుగా, క్యామ్ పట్టీ, పంపు పిన్ను. బెల్టు వేసి, టెన్షనర్ బిగించి, క్యామ్‌కీ పంపుకీ మధ్యనున్న బెల్టుని బొటనవేలు, చూపుడువేలుతో మెలిపెడితే 45 డిగ్రీలే తిరిగేంత బిగువు పెట్టాను. ఆ తర్వాత క్యామ్ బోల్టు బిగించాను. పట్టీ, పిన్ను తీసేసి చేత్తో రెండు చుట్లు తిప్పి మళ్లీ ఫ్లైవీల్ గీత దగ్గరికి తెచ్చాను. పట్టీ మళ్లీ జారినట్టు దూరింది, పిన్ను కూడా.

కొత్త పుల్లీ బిగించాను. హబ్బుకి ఒక పక్క చిన్న బొడిపె ఉంటుంది, ఒక్క రకంగానే కూర్చుంటుంది. బిగించి చూస్తే దాని గీత సూచికి సరిగ్గా ఎదురుగా ఉంది, పైన ఫ్లైవీల్ గీత కూడా సూదికి ఎదురుగానే. రెండు గీతలు ఒకేసారి కలవడం ఈ బండిలో ఇదే మొదటిసారి చూడటం. తమ్ముడు కిటికీ దగ్గర, నేను కింద, ఇద్దరం చోట్లు మార్చుకుని మరీ చూశాం.

14వ రోజు

పొద్దున్నే కంప్రెషన్. 29.5, 29, 29.5, 29. రింగులు బాగున్నాయి, వాల్వులు బతికాయి. ఈ నాలుగు అంకెలు రాసుకునేటప్పుడు చెయ్యి కాస్త వణికింది.

పంపు ప్లంజర్ మళ్లీ కొలిస్తే 0.82. దగ్గర్లోనే ఉంది. నాజిల్ పైపుల నట్లు, పంపు బోల్టులు వదులు చేసి పంపు బాడీని ఇంజన్ వైపుకి వెంట్రుకవాసి వంచి బిగించాను. 0.93. మళ్లీ వదిలి, మళ్లీ. బిగించేటప్పుడు కూడా పంపు కాస్త జరుగుతుంది కాబట్టి ప్రతిసారీ పూర్తిగా బిగించాకే చదవాలి. అయిదోసారికి 0.90. ఇంకో రెండుసార్లు వెనక్కి పోయి వచ్చి చూసినా అదే.

ప్లగ్గులు పదిహేను సెకన్లు వేడి చేశాం. తమ్ముడు సెల్ఫ్ కొట్టాడు. మూడు సెకన్లకి ఒక సిలిండర్ అంటుకుంది, తర్వాత ఇంకోటి. ఇంజన్ ఊగింది. పారదర్శక పైపులో ఒక బుడగల గుంపు వెళ్లింది, ఇంజన్ కుంటింది, మళ్లీ అందుకుంది. మూడు సిలిండర్లతో కాసేపు దబదబలాడి నాలుగోది కూడా కలిసింది. షెడ్డంతా పొగ. ఆ పొగ నిమిషంలో పలచబడింది, రెండో నిమిషానికి పోయింది. ఆయిల్ లైటు ఆరింది. డీజిల్ ఇంజన్ ఐడిల్‌లో చేసే ఆ గట్టి, సమమైన టకటక శబ్దం మూడేళ్ల తర్వాత ఈ బండి నుంచి మళ్లీ వచ్చింది.

తమ్ముడు సీట్లోంచి దిగకుండా అలాగే కూర్చున్నాడు. "ఆపనా అన్నా?" అంటే, "వద్దు, ఉండనీ" అన్నాను.

16వ రోజు

చల్లగా ఉన్నప్పుడు రెండుసార్లు స్టార్ట్ చేశాం, రెండుసార్లూ మూడు సెకన్లలోపే అందుకుంది. మొదటి నిమిషం శబ్దం కాస్త గట్టిగా ఉంది, వేడెక్కాక మెత్తబడింది. ఆక్సిలరేటర్ తొక్కి వదిలితే నల్ల పొగ ఒక్క పొర మాత్రమే. ఇంజెక్షన్ మరీ ముందుకి పోయి ఉంటే వేడెక్కాక కూడా ఆ కొట్టుడు తగ్గేది కాదు. 0.90 దగ్గరే ఉంచుతున్నాను.

పాత పుల్లీ బల్ల మీద పెట్టి చూశాను. హబ్బు మీది బొడిపెను ఆధారం చేసుకుని, గీత ఉండాల్సిన చోట సుద్దతో గుర్తు పెట్టి, రింగు మీది అసలు గీతకి కోణం కొలిస్తే 18కి కొద్దిగా అటూ ఇటూ. చేత్తో గట్టిగా తిప్పితే రింగు కదల్లేదు. అందుకే బెల్టు మార్చినవాళ్లకి అనుమానం రాలేదు. జారిపోయి, కొత్త చోట మళ్లీ బిగుసుకుపోయింది.

కొత్త పుల్లీ మీద సన్నటి బ్రష్షుతో పసుపు రంగు గీత ఒకటి వేశాను. హబ్బు మీద మొదలై, రబ్బరు దాటి, బయటి రింగు అంచు దాకా ఒకే గీత. రింగు మళ్లీ జారితే ఆ గీత రబ్బరు దగ్గర విరిగి కనిపిస్తుంది, కవరు విప్పకుండా బానెట్ ఎత్తి టార్చి వేస్తే చాలు.

41వ రోజు

ఇప్పటికి 600 కిలోమీటర్లు తిరిగింది. రిటర్న్ పైపుల్లో ఒకటి చెమ్మగిల్లితే మార్చాను. బెల్టు బిగువు మళ్లీ చూశాను, మార్పు లేదు. ఫ్లైవీల్ కిటికీ మూత రబ్బరు పాతది బిగుతుగా పట్టడం లేదు, కొత్తది వెయ్యాలి. పసుపు గీత తిన్నగానే ఉంది.